పాలకొల్లు తీగకు కరెంటు

1919 ఫిబ్రవరి 28 సాయంత్రం మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో పిల్లలూ పంతుళ్లూ ఒకచోట చేరారు. విశ్రాంతి కోసం ఊరికి వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్‌ను ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఒక పాట పాడమన్నారు. ఆయన జనగణమన అందుకున్నారు. ఇక్కడున్న రోజుల్లోనే ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం రాశారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరసకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కట్టారు. ఇంతవరకూ మదనపల్లెలో బడికెళ్లే పిల్లల్ని అడిగినా చెప్తారు.

పెద్దగా ఎవరూ మాట్లాడుకోనిది మార్గరెట్ చేసిన పని గురించే. ఆమె ఐర్లండ్‌లో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. గొంతులోంచి వచ్చే వరసను గీతల మీద చుక్కలుగా దించాలంటే, స్వరానికీ స్వరానికీ మధ్య గొంతు చేసే ప్రయాణాన్ని చాలావరకు వదిలేయాలి. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, నడిమధ్య ఖాళీ. జనగణమన ఆ లెక్కకు లొంగే వరసే. స్వరాలు నిటారుగా నిలబడతాయి, వందమంది పిల్లలు గొంతు కలిపినా చెదరవు. అదే తోడి రాగంలో కీర్తన అయ్యుంటే ఆ కాగితం చాలేది కాదు. తోడి గాంధారం ఒకచోట నిలవదు. ఊగుతుంది. ఆ ఊపు తీసేస్తే ఇక అది తోడే కాదు.

సరిగ్గా యాభై ఏళ్లకు, 1969 ఫిబ్రవరి 28న, పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తేదీలు కలవడం కాకతాళీయం. అందులో అర్థాలు వెతికే పని జాతకాలు చూసేవాళ్లకు వదిలేద్దాం. అయితే కాగితం మీద ఖాళీగా మిగిలిపోయే ఆ నడిమధ్య చోటే ఈ పిల్లాడి జీవితమంతా ఆక్రమించింది. అక్కడికి చేరడానికి అతను కరెంటు సాయం తీసుకున్నాడు. ఆ దారి 1995లో ఇంగ్లండ్‌కు చెందిన రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసిన 'డ్రీమ్' అనే రికార్డు దాకా వెళ్లింది. అందులో జతగాడు మైఖేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టు. అట్ట మీద తెలుగువాడి పేరున్న ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ రికార్డుల్లో దీనికి సాటివచ్చేది నాకు ఇంతవరకూ తగల్లేదు. శ్రీనివాస్ పేరు తెలియని తెలుగిల్లు అరుదు. ఈ రికార్డు విన్న తెలుగిల్లు ఇంకా అరుదు.

జానెడున్నర తీగ

మాండొలిన్ చిన్న వాయిద్యం. మోగే తీగ పొడవు గట్టిగా జానెడున్నర ఉంటుంది. అంత పొట్టి తీగ, అంత సన్నని తీగ మీటులోని శక్తిని ఎక్కువసేపు దాచుకోలేదు. టింగుమని మోగి పోతుంది. ఈ వాయిద్యాన్ని పెంచి పోషించిన ఇటలీవాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే రెండేసి తీగల చొప్పున నాలుగు జతలు కట్టి, ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ పోయారు. పాత సినిమా పాటల్లో వినిపించే మాండొలిన్ గలగల చాలావరకు అదే. వినడానికి ఎంత హాయిగా ఉన్నా కర్ణాటక సంగీతానికి అది అక్కరకు రాదు. ఇక్కడ ఒక్క మీటు మీదే స్వరం పైకి జారాలి, వెనక్కి రావాలి, నిలిచినచోట కంపించాలి. కంపించేలోపే ధ్వని చచ్చిపోతే గమకం ఎక్కడ పలుకుతుంది?

మెట్ల గొడవ ఇంకొకటి. వీణకూ మెట్లున్నాయి. కానీ వాటి మీద తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచడానికి చోటుంది, లాగితే సాగేంత పొడుగు తీగ ఉంది. మాండొలిన్ మీద జతతీగల్ని ఒక వేలితో పక్కకు లాగి చూడండి. రెండూ సమంగా సాగవు. శ్రుతి చీలి చెవిలో గీరుకుంటుంది.

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. పిల్లాడు ఆరేళ్లకే మాండొలిన్ పట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగల మీద వాయించేవాడు. మాండొలిన్ శ్రీనివాస్ కథలో నాకు అన్నిటికంటే విలువైన వివరం ఇదే. వాయిద్యం తెలిసిన గురువు దొరికి ఉంటే, దాని మీద ఏది పలకదో కూడా నేర్పి ఉండేవాడు. పాడే గురువుకు మెట్ల బాధ పట్టదు. ఆయన గొంతు ఎటు జారితే తీగ అటు జారాలి. జారకపోతే తప్పు తీగదే.

అందుకే తీగనే మార్చాల్సి వచ్చింది. జతలు పోయి ఒంటి తీగలు వచ్చాయి. మంద్రస్థాయి అందడానికి నాలుగు తీగలు ఐదయ్యాయి. మామూలు మాండొలిన్ స్థానంలో ఎలక్ట్రిక్ మాండొలిన్ వచ్చింది. అది పనిచేసే తీరు చాలా సులువు. ఉక్కు తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో లవలేశం కరెంటు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని వందల రెట్లు చేసి స్పీకర్‌కు పంపుతుంది. మీటు అయిపోయాక తీగలో మిగిలే చిన్న కదలిక మామూలు చెవికి అందదు. యాంప్లిఫయర్ దాన్నీ వినిపిస్తుంది. అయిపోయిందనుకున్న స్వరానికి తోక ఒకటి ఉందని అప్పుడు తెలుస్తుంది. శ్రీనివాస్ గమకాలన్నీ ఆ తోకలో కాపురం పెట్టాయి.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచ్చేరి. 1981 డిసెంబరు సీజన్‌లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. అప్పటికి పన్నెండేళ్లు. విదేశీ బాజా, పైగా కరెంటుది, దాని మీద త్యాగయ్య కీర్తనలేమిటని సందేహించినవాళ్లు ఉన్నారు. సభలు నిండడం మొదలయ్యాక ఆ సందేహం దానంతటదే తగ్గింది. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. వాయించింది మాత్రం కర్ణాటక సంగీతమే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ రికార్డు అనగానే మనం విదేశీ స్టూడియో తలుపు దగ్గర కథ మొదలెడతాం. 'డ్రీమ్' విషయంలో అలా మొదలెడితే సగం కథ పోతుంది. ప్రయోగంలో కష్టమైన సగం పాలకొల్లు, మద్రాసుల్లోనే అయిపోయింది. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, రియల్ వరల్డ్ స్టూడియో మనుషులు మిగతా సగం చేశారు.

అటువైపు కూడా అదే బాధ

మైఖేల్ బ్రూక్ బాధ కూడా తీగ చచ్చిపోవడమే. గిటారు తీగ మాండొలిన్ తీగకంటే పొడుగు కాబట్టి కాస్త ఎక్కువసేపు బతుకుతుంది, అంతే తేడా. అతనికి వయొలిన్‌లా, గొంతులా అలా సాగిపోయే స్వరం కావాలి. 1980లలో ఒక గిటారు తయారుచేసుకుని దానికి 'ఇన్ఫినిట్ గిటార్' అని పేరు పెట్టాడు. తీగ కదలికను పికప్ పట్టుకుంటుంది. ఆ సంకేతాన్ని పెంచి ఒక చిన్న విద్యుదయస్కాంతానికి పంపుతారు. అది తీగ ఎటు ఊగుతుంటే అటే, సరిగ్గా అదే అదనులో మళ్లీ తోస్తుంది. ఉయ్యాల వెనక నిలబడి అదను చూసి తోసే మనిషి ఉన్నంతకాలం ఉయ్యాల ఆగనట్టే, కరెంటు ఉన్నంతసేపు ఆ తీగ ఆగదు. ఐర్లండ్ రాక్ బృందం యూటూ 1987లో విడుదల చేసిన 'విత్ ఆర్ వితౌట్ యూ' పాటలో వెనక సాగుతూ పోయే గిటారు నాదం ఈ వాయిద్యానిదే. అంతకు రెండేళ్ల ముందు బ్రూక్ సొంత రికార్డు 'హైబ్రిడ్' వచ్చింది. సంగీత నిర్మాతలు బ్రయన్ ఈనో, డానియల్ లాన్వా అందులో పాలుపంచుకున్నారు.

ఒకే జబ్బుకు ఇద్దరు వేర్వేరు మందులు కనిపెట్టుకున్నారన్నమాట. శ్రీనివాస్ చచ్చిపోతున్న స్వరం తోకను పెద్దది చేసి అందులో గమకం పలికించాడు. బ్రూక్ స్వరానికి చావే లేకుండా చేశాడు. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే పని ఎలా పంచుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. ఒకరు కింద ఆగని నాదం పరుస్తారు, ఇంకొకరు పైన రాగం నడుపుతారు. కర్ణాటక కచ్చేరిలో తంబురా, గాయకుడు పంచుకునే పని అదే.

తంబురాకూ దీనికీ తేడా లేకపోలేదు. తంబురా తీగల్ని వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మీటుతూనే ఉండాలి, ఆ మీటుల అల వినిపిస్తూనే ఉంటుంది. బ్రూక్ గిటారులో స్వరం ఎప్పుడు మొదలైందో తెలియదు. పొగమంచు దిగినట్టు దిగి ఉంటుంది. కరెంటు తంబురా మనకు కొత్తేమీ కాదు. మదనపల్లెకు మూడు గంటల దారిలో ఉన్న బెంగళూరులో జి.రాజ్ నారాయణ్ 1970ల చివర్లోనే ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశారు. ఇవాళ ఎలక్ట్రానిక్ శ్రుతి లేని కచ్చేరి వేదిక వెతికినా దొరకదు. కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రానిక్స్ సరిపడదని వాదించే పెద్దమనిషి కూడా ఆ పెట్టె స్విచ్ నొక్కాకే గొంతు సవరించుకుంటాడు.

బ్రూక్ తెచ్చింది కీబోర్డు కాకపోవడం ఈ రికార్డు అదృష్టం. కీబోర్డు మీద స్వరాలు కట్టేసినట్టు ఉంటాయి. వాటిని జార్చడానికి అరవై నాలుగు తిప్పలు పడాలి. ముంబైలో చరణ్‌జిత్ సింగ్ 1982లో చేసిన 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' రికార్డు ఇందుకు మంచి ఉదాహరణ. రోలండ్ కంపెనీవి మూడు యంత్రాలు: జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808. భైరవ్, తోడి, యమన్, మాల్‌కౌన్స్ లాంటి పది హిందుస్తానీ రాగాలు. అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. 1980ల చివర్లో షికాగోలో పుట్టిందనుకున్న యాసిడ్ హౌస్ సంగీతం అచ్చం అలాగే ఉంటుంది మరి. టీబీ-303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జార్చే సదుపాయం ఉంది. చరణ్‌జిత్ దాన్ని చక్కగా వాడుకున్నారు. కానీ అది యంత్రం జారు. ఎక్కడైనా ఒకే తీరు, ఒకే వేగం. వేలు జార్చే జారులో ఏ రెండూ ఒకలా ఉండవు. చరణ్‌జిత్ రికార్డు గొప్పతనం ఆ యాంత్రికతలోనే ఉందని ఒప్పుకుంటూనే, జారు కోసం మాత్రం నేను శ్రీనివాస్ దగ్గరికే వెళ్తాను.

నీటి మరలో కత్తెర

రియల్ వరల్డ్ ఇంగ్లీషు రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ పెట్టిన సంస్థ. లేబుల్ 1989లో మొదలైంది. విల్ట్‌షైర్‌లో బాక్స్ అనే పల్లెటూళ్లో పాత నీటి మర ఒకటి కొని స్టూడియోగా మార్చుకున్నారు. అక్కడ పెద్ద గది ఒకటుంది. మామూలు స్టూడియోల్లో అద్దానికి అటు వాద్యకారులు, ఇటు ఇంజినీర్లు ఉంటారు. ఆ గదిలో అద్దం లేదు. అందరూ ఒకేచోట. 1990ల మొదట్లో ఈ సంస్థ వేసవి వారాల్లో దేశదేశాల కళాకారుల్ని పిలిచి 'రికార్డింగ్ వారాలు' నడిపింది. ఇలాంటి చోట ప్రమాదం కూడా ఉంది. ఎవరెవరినో కలిపేసి చివరికి ఏ రుచీ లేని వంటకం వడ్డించడం సులువు. వరల్డ్ మ్యూజిక్ పేరుతో ఆ దశాబ్దంలో వచ్చిన రికార్డులు బోలెడు అలాంటివే.

బ్రూక్ పనిచేసే పద్ధతి తెలుసుకోవాలంటే 1990లో ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో చేసిన 'మస్త్ మస్త్' రికార్డు చూడాలి. ముందు మనసారా పాడించి రికార్డు చేస్తారు. తర్వాత దాన్ని ముక్కలు చేసి, కొన్నిటిని మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేసి, కింద బేస్, తాళవాద్యాలు, గిటారు చేరుస్తారు. అక్కడ చిక్కొచ్చింది. భాష తెలియని కత్తెర మాటల మధ్యలో పడింది. భక్తి పదాలు సగంలో తెగి అర్థం పోయింది. నుస్రత్ అభ్యంతరం చెప్పాక కొన్ని చోట్ల సరిచేయాల్సి వచ్చింది. ఈ సంగతి తర్వాత బ్రూక్ స్వయంగా చెప్పుకున్నాడు.

శ్రీనివాస్‌తో ఆ గొడవ లేదు, మాండొలిన్‌కు మాటలు లేవు కదా అనుకుంటాం. కానీ సుబ్బరాజు గారు పాడగా నేర్చుకున్న వేళ్లవి. కీర్తన వాయించేటప్పుడు సాహిత్యం ఎక్కడ విరిగితే మీటు అక్కడ పడుతుంది. 'ఎందరో మహానుభావులు' మాండొలిన్ మీద వింటుంటే మన పెదాలు కదులుతాయి. అలాంటి కీర్తనను ముక్కలు చేసి లూప్ చేసి ఉంటే తెలుగు చెవికి అది నుస్రత్ పదాల కోతకంటే తక్కువ బాధ పెట్టేది కాదు. 'డ్రీమ్'లో ఆ తప్పు జరగలేదు. అది కీర్తనల రికార్డు కాదు. శ్రీనివాస్, బ్రూక్ కలిసి కట్టుకున్న సంగీతం. డాన్స్, థింక్, రన్, డ్రీమ్ అని ఒక్కో మాట పేర్లతో సుదీర్ఘంగా సాగే ఖండాలు. ఆలాపనకు సాహిత్యం ఉండదు కాబట్టి కత్తెర పడ్డా అర్థం తెగదు. కీర్తనలు కావాలనుకునేవాళ్ల కోసం అదే సంస్థ అంతకు ముందటేడు, 1994లో, శ్రీనివాస్ శుద్ధ కర్ణాటక రికార్డు 'రామ శ్రీరామ' వేసింది. సంప్రదాయానికి ఒక రికార్డు, సాహసానికి ఇంకొకటి అని విడదీసుకోవడం తెలివైన పనే.

తాళం సంగతి మాత్రం నాకు పూర్తిగా మింగుడుపడదు. యంత్రం కొలిచి పెట్టిన లయ కచ్చితంగా ఉంటుంది. మృదంగ విద్వాంసుడు కాలప్రమాణం తప్పకుండానే లోపల లోపల ఊపిరి తీసుకుంటాడు. గాయకుడు ఒక సంగతి దగ్గర సాగితే సాగి, చివర్లో లెక్క తేల్చి చేతిలో పెడతాడు. 'డ్రీమ్'లో తాళవాద్యాల దరువు వేగం అందుకున్నచోట్ల శ్రీనివాస్ దాని మీద స్వారీ చేస్తాడు, బ్రహ్మాండంగా చేస్తాడు. అయినా కచ్చేరిలో మృదంగంతో పెట్టుకునే సరసం, తగువు అక్కడ లేవు. దరువు ఆయన మాట వినదు. ఆయనే దాని మాట వినాలి. నెమ్మదిగా నడిచే భాగాలు నాకు ఎక్కువ ఇష్టం కావడానికి కారణం ఇదే కావచ్చు. అక్కడ కింద నాదం తప్ప కట్టడి లేదు.

కొండ మీద వింటే

1995లో తెలుగు చెవి ఎలక్ట్రానిక్ ధ్వనికి అలవాటు పడకపోలేదు. రాజ్-కోటి పాటల నిండా సింథసైజర్లే. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు 1992లో 'రోజా'తో ఏఆర్ రహ్మాన్ అయ్యాడు. అయినా 'డ్రీమ్' మన దగ్గరికి రాలేదు. శ్రీనివాస్ అంటే మనకు తెల్లవారుజామున ఇంట్లో మోగే త్యాగరాజ కీర్తనల క్యాసెట్. ఆ చట్రంలో ఈ రికార్డు పట్టలేదు. పైగా దిగుమతి సీడీ ధర.

నేను దీన్ని శ్రద్ధగా విన్నది మదనపల్లె దగ్గరి హార్స్లీ హిల్స్‌లో. మదనపల్లె బజారులో వింటే కింది నాదం ఆటోల రొదలో కలిసిపోతుంది, మాండొలిన్ ఒక్కటే మిగులుతుంది. అలా వింటే ఇది సగం రికార్డే. కొండ నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. ఏనుగు మల్లమ్మ కొండ దీని అసలు పేరు. కడప కలెక్టరు హార్స్లీ ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో పేరు మారింది. 1859లో నాటారని చెప్పే నీలగిరి చెట్టొకటి ఉంది, కల్యాణి అని పిలుస్తారు. ఆస్ట్రేలియా జాతి చెట్టుకు మన రాగం పేరు పెట్టి ముద్దుచేశాం, మాండొలిన్‌ను మాత్రం చాలాకాలం పరాయి బాజాగానే చూశాం. నీలగిరి ఆకుల్లో గాలి ఆగకుండా వీచేటప్పుడు ఏ స్వరమూ కాని ఒక హోరు పుడుతుంది. ఇయర్‌ఫోన్లలో బ్రూక్ గిటారు, బయట ఆ హోరు. ఏది ఎక్కడ ఆగిందో కాసేపు పోల్చుకోలేం.

పర్యాటకుల కార్లు ఎక్కేలోపు తెల్లవారుజామున రికార్డర్ పట్టుకుని ఇక్కడికి వచ్చే కుర్రాళ్లు కనిపిస్తుంటారు. పసుపు గొంతు పిగిలిపిట్ట ఈ రాతి గుట్టల ప్రత్యేకత. పక్కనే రిషీవ్యాలీలో పక్షుల్ని గమనించే సంప్రదాయం గట్టిగా ఉంది. ల్యాప్‌టాప్‌లో పక్షికూతలు వేసి, కింద ఒక నాదం పరిచి, హార్స్లీ హిల్స్ సంగీతం అని పేరు పెట్టడం పూటలో అయ్యే పని. వాళ్లకు నేను చూపించేది 'డ్రీమ్'నే. అందులో గోదావరి కాలువ చప్పుడు ఒక్కటి కూడా లేదు. పాలకొల్లు ఉన్నదల్లా స్వరం మీద వేలు ఆడే తీరులో.

తర్వాతి కాలంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో శ్రీనివాస్ మాండొలిన్ ఇంకా పెద్ద వేదికలెక్కింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన ఇబ్బందులతో, చెన్నైలో ఆయన పోయారు. నలభై ఐదేళ్లు. తమ్ముడు రాజేష్, శిష్యులు ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కచ్చేరీల్లో కొనసాగిస్తున్నారు. ఇప్పుడు ఆ వాయిద్యం వేదిక మీద కనిపిస్తే ఎవరూ నొసలు చిట్లించరు.

వినాలనుకునేవాళ్లు ముందు 'రామ శ్రీరామ' వినండి. ఒక మీటు మీద స్వరం ఎంతదూరం జారుతుందో చెవికి అలవాటయ్యాక 'డ్రీమ్' పెట్టుకోండి. ఫోను స్పీకర్ మీద వద్దు, కింది నాదం అందులో పలకదు. మంచి ఇయర్‌ఫోన్లు చాలు. మొదటిసారి మాండొలిన్‌ను వదిలేసి ఆ కింది నాదాన్ని మాత్రమే పట్టుకుని వినండి.